పాత వాల్వు రేడియో మోత పెడుతోందా? పాత సామాన్లకు వేసే ముందు ఇవి చూడండి

తిరువళ్లూరు, తిరుత్తణి, పళ్లిపట్టు వైపు తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో అటక మీదో, బీరువా పక్కనో ఇప్పటికీ ఒక పాత వాల్వు రేడియో కనబడుతుంది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్‌ఎంవీ, జీఈసీ... పేరేదైనా రూపం ఒకటే. చెక్క పెట్టె, ముందు వైపు బిగించిన గుడ్డ, దంతపు రంగు మీటలు, కొన్నింటికి పచ్చగా వెలిగే కన్ను. తాత కొన్నదని దాచిపెడతారు. ఏ పండక్కో దించి, దుమ్ము దులిపి ప్లగ్గు పెడితే పాటకు బదులు గుయ్‌మని మోత వస్తుంది. "వాల్వులు పోయాయి, ఇప్పుడు దొరకవు" అని ఎవరో అంటారు. మర్నాడు ఆ పెట్టె పాత సామాన్ల అంగడికి తూకానికి పోతుంది.

అలా పోయే రేడియోల్లో వాల్వులు బాగానే ఉండడం మామూలే. పాడయ్యేది చాలాసార్లు పదుల రూపాయల్లో దొరికే చిన్న కెపాసిటర్. ఆ మోత ఎలాంటిది, ఎప్పుడు వస్తుంది, ఏ మీట తిప్పితే మారుతుంది అని నిదానంగా గమనిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ఆ గమనించే పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాము. దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా అవసరం. ఏళ్ల తరబడి వాడని వాల్వు రేడియోను తెలియక ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే జాగ్రత్తలు ముందు, మరమ్మతు తర్వాత.

ఈ పెట్టె మనకెందుకు ముఖ్యం

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలు కూడా అక్కడినుంచే వచ్చేవి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలు నడిపింది మద్రాసు కేంద్రంలోనే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట ఆకాశపు పై పొరలను తాకి దూరంగా దిగుతాయి కాబట్టి, చీకటి పడ్డాక ఇటువైపు ఇళ్లలో కూడా ముల్లు తిప్పుతూ విజయవాడను పట్టుకునే వీలుండేది.

అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారింది గానీ రేడియో ముల్లు మారలేదు. ఇంటి బయట వాడుక భాష ఏదైనా, సాయంత్రం ఆ పెట్టె ముందు కూర్చుంటే తెలుగు వార్తలు, నాటకాలు, లలిత సంగీతం వినబడేవి. ఆ పెట్టె మళ్లీ పలికితే పిల్లలకు ఈ కథ చెప్పడం సులువవుతుంది.

ముందు జాగ్రత్తలు

వాల్వు రేడియో లోపల 250 నుంచి 300 వోల్టుల వరకు డీసీ కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకేసినా పెద్ద కెపాసిటర్లలో ఆ కరెంటు నిలవ ఉండిపోవచ్చు. కాబట్టి వెనక అట్ట విప్పి వేలు పెట్టడం, స్క్రూడ్రైవర్‌తో గీకడం పిల్లలే కాదు, పెద్దలూ చేయకూడదు. తెలిసిన మెకానిక్కు అయితే 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కు తొడుగున్న తీగలు కట్టి ఆ కెపాసిటర్లను ఖాళీ చేసి, మీటరుతో సున్నా వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెడతాడు.

రెండోది. ఇరవై ముప్పై ఏళ్లు మూలనపడిన రేడియోను నేరుగా ప్లగ్గులో పెట్టకండి. లోపలి కెపాసిటర్లు పాడై కరెంటును విపరీతంగా లాగితే ముందు రెక్టిఫయర్ వాల్వు, తర్వాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాయి. కెపాసిటర్ దొరుకుతుంది, ఆ కొలతల ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం. అందుకే పాత మెకానిక్కులు సిరీస్ బల్బు వాడేవారు. 60 వాట్ల మామూలు ఫిలమెంటు బల్బును రేడియోకు వరసలో కలిపి కరెంటు ఇస్తారు. బల్బు మొదట వెలిగి తర్వాత మసకబారితే ఫరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి. దీనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. బల్బు వరసలో ఉన్నంతసేపు రేడియో సరిగా పలకకపోవచ్చు. అది పరీక్షకు మాత్రమే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. వాల్వుల మీద రాసిన అక్షరాలు చూడమని మెకానిక్కుకు చెప్పండి. పేరు 'ఈ'తో మొదలైతే, అంటే ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈఎల్ 84, ఈజెడ్ 80 లాంటివైతే, సాధారణంగా అది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ రేడియో. 'యూ'తో మొదలైతే, అంటే యూసీహెచ్ 81, యూఎల్ 84, యూవై 85 లాంటివైతే, అది ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచేలా చేసిన రేడియో. ఇలాంటివాటిలో సాధారణంగా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి ఇనుప చట్రం నేరుగా ఇంటి కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే చట్రం చల్లగా ఉంటుంది, తిప్పి పెడితే షాకు కొడుతుంది. మీట ఊడిపోయి లోపలి ఇనుప కడ్డీ బయటపడితే చాలు, దాన్ని తాకినవాళ్లకు ప్రమాదం. ఈ రకం రేడియోకు సెల్‌ఫోను తీగ ఎప్పుడూ తగిలించకూడదు. మరమ్మతు చేసేవాళ్లు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకునే చేయాలి.

'డీ'తో మొదలయ్యే వాల్వులుంటే, అంటే డీకే 96, డీఎల్ 96 లాంటివైతే, అది కరెంటు లేని పల్లెలకు చేసిన బ్యాటరీ రేడియో. దాన్ని ఇంటి కరెంటు ప్లగ్గుకు కలపకూడదు.

చివరగా, చాలా సెట్ల వెనక 110, 127, 220, 240 అని వోల్టేజీ మార్చే బిళ్ల ఉంటుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఆ బిళ్ల 240 దగ్గరో, అంతకు దగ్గరి పై అంకె దగ్గరో ఉండాలి.

కాలువ, తూము లెక్క

రేడియో లోపలి పనిని చెరువు కాలువతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఏరియల్ నుంచి వచ్చిన సన్నని సంకేతం మొదటి వాల్వులోకి వెళ్తుంది. మామూలు ఐదు వాల్వుల రేడియోలో అది ఈసీహెచ్ 81. మనకు కావలసిన స్టేషన్‌ను వేరుచేసే పని అక్కడ మొదలవుతుంది. రెండో వాల్వు దాన్ని పెంచుతుంది. తర్వాత అందులోంచి మాట, పాట విడివడతాయి. అక్కడ వాల్యూము మీట ఉంటుంది. ఆ మీట దాటాక ఇంకో వాల్వు శబ్దాన్ని పెంచి, చివరి వాల్వు ఈఎల్ 84కు ఇస్తుంది. అది స్పీకరును కదిలిస్తుంది. ఐదో వాల్వు ఈజెడ్ 80 పని వేరు. ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చి అందరికీ పంచడమే దాని పని.

వాల్యూము మీటను తూము అనుకోండి. కాలువలో బురదనీళ్లు వస్తున్నాయి. తూము మూసేశాక కూడా పొలంలోకి బురద వస్తోందంటే ఆ బురద తూముకు ఇవతలే కలుస్తోంది. తూము మూయగానే ఆగిపోతే అది ఎగువ నుంచి వస్తోంది. రేడియో మోతకూ ఇదే లెక్క. ఇంట్లో ఎవరైనా, వెనక అట్ట విప్పకుండానే చేయదగిన మూడు పరీక్షలు ఇవి.

మొదటిది, వాల్యూము పూర్తిగా తగ్గించండి. మోత అలాగే ఉంటే దోషం కరెంటు సరఫరా భాగంలోనో, తూము దాటాక ఉన్న వాల్వుల దగ్గరో ఉంది. మోత ఆగితే దోషం ఎగువన ఉంది, లేదా బయటి నుంచి వస్తోంది.

రెండోది, ఏరియల్ తీగ ఊడదీయండి. చిటపటలు బాగా తగ్గితే అవి గాలిలోంచి వస్తున్నాయి. రేడియోలో తప్పు లేదు.

మూడోది, బ్యాండు మార్చే మీటను గ్రామఫోను గుర్తు దగ్గరకు తిప్పండి. అప్పుడు రేడియో భాగం పక్కకు తప్పుకుని ఆంప్లిఫయర్ భాగం మాత్రమే పనిచేస్తుంది. మోత ఆగిపోతే దోషం రేడియో భాగంలో ఉంది. ఆగకపోతే ఆంప్లిఫయర్‌లోనో, కరెంటు సరఫరాలోనో ఉంది.

గుయ్‌మనే మోత

ఎక్కువ ఇళ్లలో వినబడేది ఇదే. మెకానిక్కులు దీన్ని హమ్ అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి. వాటి శ్రుతి వేరు కాబట్టి సంగీతం తెలిసిన చెవికి తేడా ఇట్టే దొరుకుతుంది.

మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఈజెడ్ 80 లాంటి రెక్టిఫయర్ వాల్వు రెండు వైపుల ఊపునూ వాడుకుంటుంది కాబట్టి దాని నుంచి వచ్చే అలలు సెకనుకు 100. ఆ అలలను నున్నగా చేయడం పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల పని. ఏళ్లు గడిచేకొద్దీ వాటి లోపలి తడి పదార్థం ఎండిపోతుంది. అలలు అలాగే ముందుకు సాగి స్పీకరులో 100 హెర్ట్జ్ మోత అవుతాయి. ఐదు శ్రుతిలో పాడే స్త్రీల షడ్జం సుమారు 196 హెర్ట్జ్. దానికి ఒక స్థాయి కింద వినబడితే అది 100 హెర్ట్జ్ మోత. వాల్యూము తగ్గించినా అది తగ్గదు. మందు తేలిక, ఫిల్టర్ కెపాసిటర్లు మార్చడమే.

రెండు స్థాయిల కింద, ఇంకా లోతుగా వినబడితే అది 50 హెర్ట్జ్ మోత. ఏసీ రేడియోలో దీనికి కారణాలు వేరు. వాల్వును వేడిచేసే తీగ నుంచి దాని పక్కనున్న కేథోడ్‌లోకి కరెంటు కారడం ఒకటి. వాల్యూము మీట నుంచి వాల్వుకు వెళ్లే తీగ మీది రక్షక తొడుగు చట్రానికి సరిగ్గా అతక్కపోవడం ఇంకొకటి. 'యూ' రకం రేడియోలు మాత్రం ఒకవైపు ఊపునే వాడుకుంటాయి కాబట్టి, వాటిలో ఫిల్టర్ కెపాసిటర్ ఎండినా 50 హెర్ట్జ్ మోతే వస్తుంది.

మూడో రకం ఒకటుంది. ముల్లు ఖాళీ చోట ఉన్నప్పుడు నిశ్శబ్దం, స్టేషన్ దొరకగానే పాటతో పాటు మోత. దీనికి తరచు కారణం ఇంటి కరెంటు తీగల మీదుగా సంకేతం లోపలికి చొరబడడం. రెక్టిఫయర్ దగ్గరున్న చిన్న కెపాసిటర్ పాడైనప్పుడు ఇలా జరుగుతుంది. ఏరియల్ బయట సరిగ్గా కట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టుకు మంచి ఎర్తు ఇస్తే చాలావరకు తగ్గుతుంది.

చిటపటలు, గరగరలు

మీట తిప్పుతున్నప్పుడే గరగరమంటే ఆ మీట లోపలి కార్బన్ పట్టీ మురికిపట్టింది. కాంటాక్టు క్లీనర్ ఒక చుక్క వేసి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు సరిపోతుంది. దీపానికి వాడే నూనె, కొబ్బరినూనె వేయకండి, దుమ్ము ఇంకా పడుతుంది. బ్యాండు మార్చేటప్పుడు చప్పుడైతే ఆ స్విచ్చు కాళ్లు శుభ్రం చేయాలి. ముల్లు ఒకచోటికి రాగానే బరబరమంటే ట్యూనింగ్ రేకులు ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఏ మీటా ముట్టుకోకుండా, ఉండి ఉండి చిటపటమంటే వెతకడం కొంచెం కష్టం. వాల్వు కాళ్లకు చిలుము పట్టి ఉండవచ్చు. కరెంటు ఆపి, వాల్వు చల్లారాక, దాన్ని నిటారుగా లాగి మళ్లీ గుచ్చితే కొన్నిసార్లు అంతటితో పోతుంది. వాల్వును కదిపి, వంచి లాగితే గాజు పగిలి పనికిరాకుండా పోతుంది. కాళ్లు బాగుంటే సోల్డరు ఊడిన చోట్లు చూడాలి. సన్న రాగి తీగ చుట్టిన కాయిల్ డబ్బాల్లో తేమ చేరి పచ్చటి చిలుము పడుతుంది. వానాకాలంలో ఎక్కువై, ఎండలో తగ్గే చిటపటకు ఇదొక కారణం.

బుస, ఊళ, బుడబుడ

ముల్లు ఖాళీ చోట ఉన్నప్పుడు కొంచెం బుస ఉండడం సహజం. మరమ్మతు అక్కర్లేదు. కానీ నూనెలో అప్పడం వేగినట్టు, వాల్యూము తగ్గించినా ఆగని చప్పుడు వస్తే, వాల్వు ప్లేటుకు కరెంటు ఇచ్చే పాత కార్బన్ రెసిస్టర్ పాడవుతోందని అనుమానించాలి.

పెట్టెను తడితే గంట కొట్టినట్టు వినబడడం, శబ్దం పెంచితే ఊళ వేయడం వాల్వు లోపలి భాగాలు వదులైనప్పటి లక్షణం. స్పీకరు అదురు వాల్వును కదిలిస్తుంది, వాల్వు మళ్లీ స్పీకరును అరిపిస్తుంది. ట్యూనింగ్ రేకుల కింద ఉండే రబ్బరు దిమ్మలు గట్టిపడినా ఇదే జరుగుతుంది. ఆ రబ్బరు మారిస్తే వాల్వు మార్చే ఖర్చు తప్పవచ్చు.

పడవ ఇంజను దూరంగా పోతున్నట్టు బుడబుడమనే చప్పుడు వస్తే ఒక వాల్వు చప్పుడు కరెంటు దారి గుండా ఇంకో వాల్వులోకి చేరుతోందని అర్థం. ఆ దారిలో అడ్డుగా పెట్టిన కెపాసిటర్ ఎండిపోయింది.

గొంతు బొంగురుపోతే ఆలస్యం వద్దు

పాట మొదట బాగా వచ్చి, పది నిమిషాల తర్వాత బొంగురుపోయి, వెనకనుంచి వేడి వాసన వస్తే రేడియో వెంటనే ఆపేయండి. చివరి వాల్వుకు ముందు ఒక చిన్న కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది. పాటను దాటనిచ్చి, డీసీ కరెంటును ఆపడం దాని పని. పాత రోజుల్లో అది మైనం పూసిన కాగితంతో చేసేవారు. తేమ చేరితే డీసీ కారుతుంది. అప్పుడు ఈఎల్ 84 మితిమీరి కరెంటు లాగి ప్లేటు ఎర్రబారుతుంది, తర్వాత స్పీకరు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మెకానిక్కు ఈఎల్ 84 రెండో కాలు దగ్గర మీటరు పెట్టి చూస్తే చట్రంతో పోల్చితే సున్నా రావాలి. ఒక వోల్టో రెండు వోల్టులో ప్లస్ చూపిస్తే ముందు ఈ కెపాసిటర్‌నే అనుమానించాలి. రేడియో బాగా పలుకుతున్నా సరే, ఏ పాత సెట్టులోనైనా మొదట మార్చవలసింది ఇదే.

తప్పు పెట్టెలో లేనప్పుడు

తాతల కాలంలో లేని చప్పుళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనే పుడుతున్నాయి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవ్‌లో బరబరలు నింపుతాయి. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు మరమగ్గాల మోటార్లు నడుస్తుంటే ఆ పక్క ఇళ్లలో చిటపటలు తప్పవు. తిరువళ్లూరు మీదుగా అరక్కోణానికి, అక్కడినుంచి తిరుత్తణి మీదుగా రేణిగుంటకు పోయే రైలు మార్గం 25,000 వోల్టుల విద్యుత్తు మీద నడుస్తుంది. ఇంజను పైచట్రం తీగను రాసుకుంటూ నిప్పురవ్వ లేచినప్పుడల్లా పట్టాల పక్క ఇళ్లలో రేడియో చిటుక్కుమంటుంది. అది రైలు దాటగానే ఆగుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో చాలు. దాన్ని మీడియం వేవ్‌లో పెట్టి ఇంటి మెయిన్ స్విచ్చు ఆపండి. బరబర ఆగితే దోషి ఇంట్లోనే ఉంది. మెయిన్ మళ్లీ వేసి ఒక్కో స్విచ్చు వేసుకుంటూ పోతే ఏ బల్బో, ఏ చార్జరో తెలిసిపోతుంది. మెయిన్ ఆపినా చప్పుడు ఆగకపోతే అది వీధిలోంచి వస్తోంది. అప్పుడు ఏరియల్ తీగను కరెంటు తీగలకు దూరంగా, మిద్దె మీద ఎత్తుగా కట్టడం ఒక్కటే దారి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఆ తీగను రేడియో నుంచి తప్పక ఊడదీయాలి.

మైకు సెట్టుకూ, గిటారుకూ ఇదే లెక్క

భజన మందిరాల్లో, పాత నాటక సమాజాల్లో మిగిలిన వాల్వు మైకు సెట్టు ఆంప్లిఫయర్లకు కూడా పైన చెప్పిన తూము లెక్కే వర్తిస్తుంది. వాటిలో ఇంకో పరీక్ష వీలవుతుంది. కరెంటు ఆపి, చల్లారాక, మైకు వైపు నుంచి ఒక్కో వాల్వు తీసి మళ్లీ కరెంటు ఇచ్చి వినాలి. ఏ వాల్వు తీస్తే మోత ఆగుతుందో దోషం ఆ వాల్వు దగ్గరో, దానికి ఎగువనో ఉంది. 'యూ' రకం రేడియోలో ఈ పరీక్ష పనికిరాదు. అందులో వాల్వుల వేడి తీగలన్నీ దీపాల తోరణంలా ఒకే వరసలో ఉంటాయి. ఒకటి తీస్తే అన్నీ ఆరిపోతాయి.

మన పిల్లల్లో ఎవరైనా గిటారు వాయిస్తూ పాత ట్యూబు ఆంప్లిఫయర్ తెచ్చుకుంటే భయపడక్కర్లేదు. అమెరికావాళ్లు ట్యూబు అన్నదాన్నే మన మెకానిక్కులు వాల్వు అన్నారు. ఇంగ్లండులో పుట్టిన వాక్స్ ఏసీ 30 అనే పేరున్న గిటారు ఆంప్లిఫయర్‌లో ఉండేవి నాలుగు ఈఎల్ 84 వాల్వులే. తాత రేడియోలో ఒకటి, మనవడి ఆంప్లిఫయర్‌లో నాలుగు. గిటారు వాయించేవాళ్లు ప్రపంచమంతటా ఇంకా కొంటున్నారు కాబట్టే ఈఎల్ 84 ఈనాటికీ కొత్తగా తయారవుతోంది. "వాల్వులు దొరకవు" అనే మాట ఈ వాల్వు విషయంలో నిజం కాదు. ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89 లాంటివి మాత్రం పాత నిల్వల్లోనే వెతకాలి.

ఆంప్లిఫయర్‌కు ఫోనో, ల్యాప్‌టాపో కలిపినప్పుడే మోత వస్తే, చార్జరు తీసి చూడండి. ఆగిపోతే రెండు ఎర్తులు రెండు దారుల్లో కలవడమే కారణం. రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డు మీద పెడితే తరచు తగ్గుతుంది. మోత ఆపడానికి మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు తీగ కత్తిరించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ఎప్పుడూ చేయకూడదు. లోపల ఏ తీగ ఊడినా, మైకు పట్టుకున్న మనిషికి షాకు తగలకుండా కాపాడేది ఆ ఎర్తే.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి

మోత రాగానే అన్ని వాల్వులూ మార్చడం డబ్బు దండగ. వరస ఇలా ఉండాలి. ముందు కప్లింగ్ కెపాసిటర్, తర్వాత ఫిల్టర్ కెపాసిటర్లు, ఆ తర్వాత మిగిలిన మైనపు కాగితం కెపాసిటర్లు. అప్పటికీ చప్పుడు ఉంటేనే వాల్వుల జోలికి పోవాలి. కాగితం కెపాసిటర్ల స్థానంలో అదే విలువగల, 630 వోల్టుల ఫిల్మ్ రకం వేయిస్తే చాలాకాలం నిలుస్తాయి. ఫిల్టర్‌కు 450 వోల్టులవి వేయించాలి. పెద్దది వేస్తే మోత ఇంకా తగ్గుతుందని ఎక్కువ విలువది వేయకూడదు. ఈజెడ్ 80 రెక్టిఫయర్ పక్కనే ఉండే మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్ దాటితే ఆ వాల్వు మీద భారం పడుతుంది. ఇవన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే సామాన్లే.

మెరుపు కోసం లోపల నీళ్లు, సబ్బు, పెట్రోలు పెట్టి తుడవకండి. స్టేషన్ల పేర్లున్న గాజు పలక వెనక అక్షరాలు తుడిస్తే రాలిపోతాయి. కాయిల్ డబ్బాల స్క్రూలు బిగుతుగా లేవని తిప్పకండి. అవి బిగించే స్క్రూలు కావు, స్టేషన్ కుదిర్చే స్క్రూలు. పాత కెపాసిటర్లు తీశాక పారేయకుండా ఒక కవరులో వేసి పెట్టెలోనే ఉంచమనండి, విలువలు సరిచూసుకోవడానికి తర్వాత పనికొస్తాయి.

మెకానిక్కు దగ్గరికి వెళ్లేముందు

వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్కులు ఇప్పుడు పెద్ద వయసువాళ్లు. మన ఊళ్లో, పక్క ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే ఆలస్యం చేయకుండా కలవండి. పెట్టె మోసుకెళ్లే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. వాల్యూము తగ్గిస్తే మోత తగ్గుతోందా, లేదా? ఏరియల్ తీస్తే మారుతోందా? గ్రామఫోను గుర్తు దగ్గర ఎలా ఉంది? పెట్టగానే వస్తోందా, వేడెక్కాక వస్తోందా? ఎన్నేళ్లుగా వాడలేదు? ఈ ఐదు జవాబులు చెబితే మంచి మెకానిక్కు సగం పని అక్కడే ముగిస్తాడు.

మరమ్మతు అయ్యాక ఏమేం మార్చారో, ఏ తేదీనో తెలుగులో ఒక చీటీ మీద రాయించి వెనక అట్ట లోపలి వైపు అతికించండి. సెట్టు 'యూ' రకమైతే "షాకు కొడుతుంది, ఫోను కలపవద్దు" అని అదే చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. నెలకు ఒకసారైనా అరగంట నడిపితే కెపాసిటర్లకూ మంచిదే. మీడియం వేవ్ ప్రసారాలు తగ్గుతున్న ఈ రోజుల్లో స్టేషన్ దొరకకపోయినా, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియో అయితే వెనకనున్న గ్రామఫోను రంధ్రాల్లో మెకానిక్కు చేత ఒక తీగ పెట్టించి ఫోనులోంచి పాత తెలుగు పాటలు వినిపించవచ్చు. చార్జింగులో లేని ఫోనైతే మేలు, మోత తగ్గుతుంది.